చీటిని అడిగితిమి, చిన్నదానిని అడుగలేదు

ధ్యాన భాగము: ఆదికాండము 24వ అధ్యాయము



దేవుని చిత్తమును ఎట్లు తెలిసికొనవలెను? మన సంఘములలో తరచుగా వినబడు ప్రశ్న ఇది. పొలము అమ్మవలెనా ఉంచుకొనవలెనా, కుమారుని చదువునకు పట్టణము పంపవలెనా, కుమార్తెకు వచ్చిన సంబంధము ఖాయము చేయవలెనా అని మన యిండ్లలో ప్రార్థనలు జరుగుచునే యున్నవి. ఇది మంచిదే. జ్ఞానము కొదువగా ఉన్నవాడు దేవుని అడుగవలెనని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములోనే బోధించెను.

అయితే అడిగిన తరువాత జవాబును ఎట్లు గుర్తించుచున్నాము? కొందరు కన్నులు మూసికొని బైబిలు తెరచి వ్రేలు పెట్టుదురు. కొందరు ఉదయమున ఫోనులో వచ్చిన వచనమునే ఆ దినపు ఆజ్ఞగా తీసికొందురు. కొందరు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దానపు చీటినిబట్టి ఆ యేటి పనులు నిర్ణయించుకొందురు. మరి కొందరు చీట్లు వేయుదురు. వీరిని ఎగతాళి చేయుటకు మేము వ్రాయుట లేదు. మేమును చీట్లు వేసినవారమే. దానివలన ఏమి కలిగెనో మీ యెదుట ఒప్పుకొనుటకే ఈ మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట మా సంఘమువాడైన ఒక కౌలురైతు ఒక సాయంకాలము మా యింటికి వచ్చెను. ఇరువది యేండ్ల కుమార్తెకు సంబంధము వచ్చినదనియు, అబ్బాయికి సొంత ఆటో ఉన్నదనియు, వారు కట్నము అడుగుట లేదనియు, మూడు దినములలో జవాబు చెప్పవలెననియు తెలిపెను. “అయ్యగారూ, దేవుని చిత్తము తెలియక నేను ఏమియు చేయను. మీరే చీటి తీసి చెప్పండి” అనెను. ఆ మాట మాకు భక్తిగా వినబడెను. రెండు చీట్లు వ్రాసి, ఒకదానిపై అవును, మరియొకదానిపై కాదు అని ఉంచి, మోకరించి ప్రార్థించి, ఒకటి తీసితిమి. అవును అని వచ్చెను. అందరము స్తోత్రము చెప్పితిమి. పెండ్లి మేమే చేసితిమి.

ఎనిమిది నెలలకు ఆ అమ్మాయి ఒక పెట్టెతో పుట్టింటికి తిరిగి వచ్చెను. భర్త త్రాగుబోతు. ఆటో అప్పుమీద కొన్నది. చేయి చేసికొనుట ప్రతిరాత్రి జరుగుచుండెను. తండ్రి మా యొద్దకు వచ్చి, “దేవుడే చూపెను గదా అయ్యగారూ, మరి ఇట్లు ఎందుకు జరిగెను?” అని ఏడ్చెను. మాకు జవాబు దొరకలేదు. జవాబు ఆయన కుమార్తె ఇచ్చెను. అతని త్రాగుడు సంగతి ఆ ఊరిలో ఉన్న స్నేహితురాలివలన ఆమెకు పెండ్లికి ముందే తెలియును. భయపడి చెప్పలేదు. “అయ్యగారూ, మీరందరు చీటిని అడిగినారు గాని నన్ను అడుగలేదు” అనెను.

ఆ మాట మమ్మును చాల దినములు నిద్రపోనియ్యలేదు. మేము దేవుని సన్నిధిలో కనిపెట్టితిమని తలంచితిమి గాని, నిజమునకు శ్రమను తప్పించుకొంటిమి. ఆ ఊరు పదునైదు మైళ్ల దూరము కూడ లేదు. వెళ్లి నలుగురిని అడిగినయెడల ఒక పూటలో సంగతి తెలిసియుండును. యెహోషువ గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో గిబియోనీయులు ప్రాతగిలిన చెప్పులతోను బూజుపట్టిన రొట్టెలతోను వచ్చి ఇశ్రాయేలీయులను మోసపుచ్చిరి. అక్కడివారు రొట్టెను చూచిరి గాని దేవుని అడుగలేదు. మేము దేవుని అడిగితిమి గాని రొట్టెను చూడలేదు. రెండును తప్పే.

అంతకంటె పెద్ద తప్పు మరియొకటి ఉన్నది. ప్రభువు మాటలాడకయే ఆయన సెలవిచ్చెనని చెప్పు ప్రవక్తలను యిర్మీయా 23వ అధ్యాయము గద్దించుచున్నది. మేము తీసినది కాగితము. మేము పలికినది దేవుని నామము. ఆ బిడ్డ దెబ్బలు తినుచున్న రాత్రులలో, ఇది దేవుడే నాకు నియమించెను అని తలంచి సహించెనట. దేవుని నామమును వ్యర్థముగా ఉచ్చరించుట అనగా ఒట్టు పెట్టుకొనుట మాత్రమే కాదని ఆ దినమున గ్రహించితిమి.

“అయ్యగారూ, అపొస్తలులు చీట్లు వేయలేదా?” అని మీరు అడుగవచ్చును. వేసిరి. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయము జాగ్రత్తగా చదువుడి. యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువుతో సంచరించినవాడై యుండవలెనని ముందుగా పేతురు నియమము చెప్పెను. ఆ నియమమునకు తగిన ఇద్దరిని నిలువబెట్టిరి. తరువాతనే చీటి. పరీక్షించిన ఇద్దరి మధ్య చీటి వచ్చెను గాని పరీక్షకు బదులుగా రాలేదు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తరువాత ఆ గ్రంథములో ఎవరిని ఏర్పరచుటకును చీట్లు వేసినట్లు మరల చదువము. ఆరవ అధ్యాయములో ఏడుగురిని ఏర్పరచవలసి వచ్చినప్పుడు, మంచి పేరు పొందినవారిని మీలోనే చూచుకొనుడని అపొస్తలులు సంఘమునకు పని అప్పగించిరి.

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. అబ్రాహాము పెద్ద దాసుడు ఇస్సాకునకు భార్యను వెదకుచు వెళ్లి, బావియొద్ద ఒక గుర్తు అడిగెను. ఆ గుర్తు ఎట్టిదో గమనించితిరా? ఆకాశమున మెరుపు అడుగలేదు. అడిగిన బాటసారికి నీళ్లిచ్చి, అడుగకయే ఒంటెలకును చేదిపోయు చిన్నది ఎవరో చూపుమని అడిగెను. అతనితో వచ్చిన ఒంటెలు పది. దాహముతో వచ్చిన పది ఒంటెలకు కడవతో నీళ్లు తెచ్చి పోయుట ఎంత పనియో, గొడ్లు కాచు మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ గుర్తు ఆమె గుణమునకు పరీక్ష. రిబ్కా వచ్చి నీళ్లు చేదుచున్నప్పుడు కూడ అతడు త్వరపడక, ఊరకుండి ఆమెను కనిపెట్టి చూచెనని 21వ వచనము తెలుపుచున్నది. పిమ్మట ఎవరి కుమార్తెవని విచారించెను. ఇంటివారికి సంగతి అంతయు దాచక చెప్పెను. కడపట 57, 58 వచనములలో, అన్నయు తల్లియు ఆ చిన్నదానినే పిలిచి, ఈ మనుష్యునితో వెళ్లెదవా అని అడిగిరి. ఆమె వెళ్లెదననెను. దేవుడు స్పష్టముగా నడిపించిన ఆ పెండ్లిలో కూడ చిన్నదానిని అడిగిరి! నడిపింపు ఉన్నది గనుక అడుగనక్కరలేదని వారు అనుకొనలేదు.

అట్లయితే ఒక వాక్యము అనుకోకుండ మన కన్నుల యెదుట నిలిచినయెడల దానిని త్రోసివేయవలెనా? వేయనక్కరలేదు. మన తెలుగు సంఘ చరిత్రలోనే ఒక సంగతి ఉన్నది. 1866వ సంవత్సరములో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి. ఆ తొలి దినములలో పై కులములవారు కొందరు ఆయన బోధ వినుచుండిరి. మాదిగలు విశ్వసించి వచ్చుట మొదలు కాగానే, వీరిని చేర్చుకొనినయెడల మేము రామని వారనిరి. దొరగారు కలతతో తన గదిలోనికి వెళ్లి బైబిలు తెరవగా 1 కొరింథీయులకు మొదటి అధ్యాయము చివరి భాగము కనబడెను. లోకము ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. వేరొకచోట ఆయన భార్యయు తన బైబిలులో అదే భాగము చదివెనని దొరగారే తన జీవితకథలో చెప్పుకొనిరి.

మీరు రెండు బైబిళ్లు ఒకేచోట తెరచుకొనుటను చూచి ఆశ్చర్యపడుదురు. మేము మరియొకటి చూచుచున్నాము. ఆ వాక్యము సువార్త అంతటితోను ఏకీభవించెను. అంతేకాదు, అది దొరగారికి లాభముగా కనబడిన త్రోవను మూసెను. దానికి లోబడినందున గౌరవస్థులు దూరమైరి. తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరువు వచ్చినప్పుడు, ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని తీసికొని వేలమందికి కూలి కల్పించెను. అప్పుడు బాప్తిస్మము కోరువారు అనేకులు. తలుపు తెరచియే యున్నది. అయినను, కూటికొరకు వచ్చుచున్నారా క్రీస్తుకొరకు వచ్చుచున్నారా అని తెలియువరకు సంవత్సరమునకు పైగా బాప్తిస్మములు నిలిపివేసెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెరచిన తలుపు ప్రతిది దేవుని పిలుపు కాదు. పరీక్షించి ఆగుటయు నడిపింపే.

కాబట్టి ప్రియులారా, మన కోరికకు సరిగా సరిపోవు జవాబు వచ్చినప్పుడే మరి ఎక్కువగా పరీక్షింపవలెను. మా కౌలురైతుకు “అవును” కావలెను. మాకును త్వరగా ముగియవలెను. “కాదు” వచ్చియుండినయెడల, మరల ఒకసారి తీయుదము అనియుండుమేమో!

త్రోయలో మాసిదోనియ మనుష్యుని దర్శనము చూచినది పౌలు ఒక్కడే. అయితే అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము 10వ వచనములో నిశ్చయించుకొన్నది అతనితోకూడ ఉన్నవారందరును. పౌలంతటివాడు ఒంటరిగా నిర్ణయింపలేదు. వారు వెళ్లిన ఫిలిప్పీలో దెబ్బలును చెరసాలయు కలిగెను గనుక, కష్టము వచ్చినంత మాత్రమున త్రోవ తప్పితిమని అనుకొనరాదు. అయితే విచారింపక మనము తెచ్చిపెట్టుకొన్న కష్టమును సిలువ అని పిలువరాదు.

దేవుడు ఇదివరకే స్పష్టముగా చెప్పినదానికొరకు గుర్తు అడుగనక్కరలేదు. న్యాయముగా నడుచుకొనుట, కనికరమును ప్రేమించుట, దీనమనస్సు కలిగియుండుట ఆయన చిత్తమని మీకా 6:8 తెలుపుచున్నది. పదునెనిమిది యేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయవచ్చునా అని ప్రార్థింపనక్కరలేదు, చేయరాదు. కులము చూచి సంబంధము త్రోసివేయవచ్చునా అని కనిపెట్టనక్కరలేదు. క్రీస్తునందు అందరును ఒక్కటే. తెలిసిన చిత్తమును చేయువానికే తెలియనిది తెలియజేయబడును.

కాలువ నీళ్ల వంతు రాత్రివేళ వచ్చినప్పుడు మనము లాంతరు పట్టుకొని గట్టుమీద నడుతుము. ఆ వెలుగు పొలము చివరవరకు పోదు. ఒక్క అడుగు చూపును. ఆ అడుగు వేసినగాని తరువాతి అడుగు కనబడదు. వాక్యము దీపమని కీర్తనకారుడు చెప్పినది అందుకే. దీపము పట్టుకొన్నవాడు కన్నులు మూసికొనడు.

ఆ అమ్మాయి నేడు తండ్రి యింటనే యుండి కుట్టుపని చేసికొనుచున్నది. మేము సంఘ పెద్దలయెదుటను ఆమెయెదుటను మా తప్పు ఒప్పుకొంటిమి. ఆమె క్షమించితిననెను, ఆమె పోగొట్టుకొన్నది మాత్రము మేము తిరిగి ఇయ్యలేము. ఇప్పుడు సంబంధము విషయమై ఎవరు ప్రార్థనకు వచ్చినను మేము చీటి తీయము. కొందరికి ఇది కష్టముగా ఉన్నది. “మా అయ్యగారికి విశ్వాసము తగ్గెను” అనువారును కలరు. అయినను ముందు మోకరించుచున్నాము. తరువాత ఇద్దరు పెద్దలతో ఆ ఊరు వెళ్లి విచారించుచున్నాము. పాస్టరమ్మగారు ఆ అమ్మాయితో ఒంటరిగా కూర్చుండి ఆమె మనస్సు తెలిసికొనుచున్నారు. మరల అందరము మోకరించుచున్నాము. ఈ పనులన్నిటిలో దేవుడు మాటలాడుచున్నాడని మేము నమ్ముచున్నాము.

ఈ నెలలో మీ యింట ఏదైన నిర్ణయము ఎదురైనయెడల, ఆ నిర్ణయముయొక్క భారము ఎవరి మీద పడునో వారిని పిలిచి అడుగుడి. ఆమె కూలిపిల్ల కావచ్చును, ముసలి తల్లి కావచ్చును. ఏలీ యింట ప్రభువు మొదట పిలిచినది యాజకుని కాదు, చిన్నవాడైన సమూయేలును.

ప్రార్థన: ప్రభువా, మా సోమరితనమును విశ్వాసమని పిలిచినందుకు మమ్మును క్షమించుము. నీ వాక్యమును వినుటకు చెవులును, నీవు మా యెదుట ఉంచినవారిని చూచుటకు కన్నులును దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.