తొట్టిలో మునిగిన కాయ

నూజివీడు దగ్గర ఒక తోట. అందులో బంగినపల్లి, చిన్నరసాలు, కలెక్టరు కాయ కలిసే ఉండేవి. తోట యజమానురాలి కూతురు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. వచ్చింది ఏప్రిల్లో. అంటే కాయ ఎప్పుడు దించాలి, పిల్ల ఎప్పుడు నీళ్లాడాలి అని ఇంట్లో రెండు లెక్కలు ఒకేసారి నడుస్తున్నాయి.

రెండింటికీ సలహాలిచ్చేవాళ్లకి కొదవలేదు. నున్న మార్కెట్టు నుంచి వచ్చిన షావుకారు "ఈ వారమే దించేయండి, తొలి సరుక్కి రేటుంటుంది. పండే సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. కార్బైడు నిషేధమైనా, ఎలా చూసుకుంటాడో ఊరందరికీ తెలుసు. వియ్యపురాలు ఫోన్ చేసి సిద్ధాంతిగారు పెట్టిన ముహూర్తం చెప్పింది. "ఆ రోజు పొద్దున తొమ్మిదికీ పదికీ మధ్య ఆపరేషన్ చేయించండి వదినగారూ, జాతకం దివ్యంగా ఉంది." లెక్కేస్తే అప్పటికి ముప్పయ్యేడో వారం. అరుగు మీద కూర్చున్న నాయనమ్మకి ఇదీ నచ్చలేదు. "ఆరుగుర్ని మంత్రసాని చేతుల మీదే కన్నాను. ఆసుపత్రి గడప తొక్కానా?" అంది. ఆ ఆరుగురిలో బతికింది నలుగురేనని ఆవిడ చెప్పదు, ఎవరూ అడగరు.

ఏళ్ల తరబడి ఆ తోటకి కాపున్న ముసలాయన షావుకారుకి జవాబివ్వలేదు. చిక్కం తీసుకుని ఒక్కో చెట్టు నుంచి రెండేసి కాయలు, సొన కారకుండా తొడిమతో సహా దించి, నీళ్లతొట్టిలో వేశాడు. గట్టు మీది బంగినపల్లి అడుక్కి పోయింది. బావి దగ్గరిది తేలింది. జాతి ఒకటే, పెట్టిన నీళ్లూ ఒకటే.

"మునిగింది ముదిరిన కాయ. తేలింది ఇంకా లేత. బావికాడ చెట్టు జోలికి రాకండి" అన్నాడు.

షావుకారు నవ్వాడు. "తొట్టినడిగి వ్యాపారం చేస్తావా?"

"తొట్టిని కాదయ్యా, కాయని. దానికి నోరు లేదు కాబట్టి ఇట్లా అడుగుతున్నా." అంతటితో ఆగకుండా యజమానురాలి వైపు తిరిగాడు. "అమ్మాయిగారికి నోరుంది గదమ్మా. ఎవరన్నా అడిగారా?"

ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పింది. నొప్పులు వాటంతటవే రావాలి. వచ్చాక మంచానికి కట్టేసినట్టు పడుకోకుండా నడవాలి. పక్కన అమ్మ ఉండాలి. ఓర్చుకోలేకపోతే నొప్పి తగ్గే మందు ఇమ్మంటుంది, అప్పుడు "మేమంతా కనలేదా" అని ఎవరూ అనకూడదు. ఇదంతా అర్ధరాత్రయినా ఆపరేషన్ చేయగల ఆసుపత్రిలోనే జరగాలి. ఈ చివరి మాట నాయనమ్మ వైపు చూసి కాస్త గట్టిగానే అంది.

ముహూర్తం వెళ్లిపోయింది. ముప్పై తొమ్మిది వారాలు నిండాక నొప్పులొచ్చాయి. రాత్రంతా అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. తెల్లవారుజామున బిడ్డ గుండె వేగం పడిపోతుంటే డాక్టరమ్మ సంగతి వివరంగా చెప్పి, "ఆపరేషన్ చేద్దామా?" అని అడిగింది. "చెయ్యండి" అంది పిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

"చివరికి ఆపరేషనే కదా, ఆ రోజే చేయించి ఉంటే పోయేది" అంది వియ్యపురాలు. ఆ వారమే గాలివాన కబురొచ్చి ముసలాయన తేలే కాయల్ని కూడా దించేశాడు. షావుకారూ అదే మాట అన్నాడు.

నీతి: కాన్పు సంగతి కనే మనిషిని అడగాలి. ముందే అడగాలి, పరిస్థితి మారినప్పుడు మళ్లీ అడగాలి.

వియ్యపురాలికి అందనిది ఈ రెండో సగం. పంచాంగం కోసం కోసినా, బిడ్డ గుండె కోసం కోసినా మచ్చ ఒకలాగే ఉంటుంది. కానీ నొప్పులు రాకుండా, 39 వారాలు నిండకుండా కోసి తీసిన బిడ్డలకి ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. అవసరం లేని కోత తర్వాతి కాన్పునీ చిక్కుల్లో పెడుతుంది. అవసరమైనచోట అదే ఇద్దరి ప్రాణాలూ నిలబెడుతుంది. అందుకే సిజేరియన్ అనగానే మొహం చిట్లించేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. అన్నీ తెలుసుకుని ఆపరేషనే కావాలనే అమ్మాయి మాటా వినాల్సిందే.

మరి అడుగుతున్నారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. ఆంధ్రలో ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూస్తే 63. ఇంతమందికీ ఒక్కసారే గాలివాన వచ్చిందంటే నేను నమ్మలేను.

అలాగని మంత్రసాని కాలానికి పోనక్కర్లేదు. నచ్చిన తోడు, నచ్చిన భంగిమ, నొప్పికి ఉపశమనం ఆమె కోరుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. కేంద్రం 2017లో మొదలుపెట్టిన 'లక్ష్య' కార్యక్రమం సర్కారు ప్రసూతి గదుల్లోకి తోడు మనిషిని రానివ్వమంటుంది. ఎనిమిదో నెలలో చూపించుకోడానికి వెళ్లినప్పుడే అడగండి: రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా, నొప్పుల్లో నడవనిస్తారా, అమ్మని లోపలికి రానిస్తారా. జవాబు విసుగ్గా వస్తే ఇంకా నెల టైముంది, వేరే ఆసుపత్రి చూసుకోవచ్చు. విజయవాడ ఏమంత దూరం కాదు.