ఏం తెస్తది?

విండ్‌సర్ఫింగ్ అంటే తెరచాప బిగించిన పలక మీద నిలబడి, గాలి బలంతో సముద్రపు అలల మీద సాగిపోవడం. దానికి చుక్కాని ఉండదు. తెరచాప కొయ్యను ముందుకీ వెనక్కీ వాల్చి దారి మళ్ళించుకోవాలి. ఆడపిల్లలకు నేర్పే నిలబడే పద్ధతి అక్కడ బొత్తిగా పనికిరాదు. నిటారుగా, ఒద్దికగా నిలబడితే గాలి తెరచాపతో సహా మనిషిని విసిరేస్తుంది. చేతిలోని అడ్డబద్దకు వేలాడుతూ ఒంటి బరువంతా గాలి వచ్చే వైపుకు వాల్చాలి. ఒంటి బరువు దాచుకోవాల్సిన విషయం కాదక్కడ, దాని ఆసరాతోనే నిలబడాలి. నీళ్ళలో పడితే తెరచాప అంచును గాలికి అందేలా ఎత్తి పట్టుకోవాలి. అప్పుడు గాలే మనిషిని లేపుతుంది.

ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ‘ఆడపిల్లలా విసరడం’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాసింది. బంతి విసిరేటప్పుడు ఆడపిల్ల చెయ్యి మాత్రమే కదులుతుంది, మిగతా ఒళ్ళు వెనకాడుతుంది. అది పుట్టుకతో వచ్చింది కాదు, పెంపకంలో వచ్చిందంటుంది యంగ్. తన శరీరాన్ని పనిచేసే శక్తిగా కాక, ఎవరో చూస్తున్న వస్తువుగా తనే చూసుకోవడం అలవాటైపోతుంది. 1949లో ‘ది సెకండ్ సెక్స్’ రాసిన బోవా నుంచే ఈ ఆలోచన మొదలైంది.

గ్రాన్ కనారియా దీవిలో పోసో ఇస్కియెర్దో అనే గాలి తీరం ఉంది. డైడా, ఇబాయా రువానో మొరెనో అనే కవల అక్కచెల్లెళ్ళు అక్కడి అలల మీద ఆరితేరి, ప్రపంచ ఛాంపియన్లయ్యారు. వాళ్ళ వీడియో ఒకటి మెట్‌పల్లిలో మా చిన్నమ్మకు చూపించాను. ఒళ్ళో చేట, చేటలో తునికాకు, తంబాకు. చేతులు ఆపకుండానే కాసేపు చూసి అడిగింది: “గట్ల పోయి ఏం తెస్తది బిడ్డా?”

తెలియక అడిగిన ప్రశ్న కాదది. మా వైపు ప్రమాదానికి లెక్క ఉంటుంది. మెట్‌పల్లి, కోరుట్ల నుంచి మొగవాళ్ళు సముద్రం దాటి గల్ఫ్‌కు పోతారు, తేవడానికే. తంబాకు దుమ్ము పీల్చినందుకు వెయ్యి బీడీల చొప్పున కూలి వస్తుంది. చిన్నమ్మకు గాలి కూడా తెలుసు. తూర్పార పట్టేటప్పుడు గాలి ఎటు మళ్ళిందో, చేట ఎంత ఎత్తితే పొల్లు ఎగిరి గింజ కాళ్ళ దగ్గర పడుతుందో ఒళ్ళే చెప్తుంది. కానీ ఆ గాలి పని కోసమే. బతుకమ్మకు చెరువు దాకా వెళ్తాం, పాటలన్నీ పాడతాం. మనలో ఈత వచ్చినవాళ్ళెందరు?

మొగవాడు సరదాకు సముద్రంలోకి పోయి మునిగితే అయ్యో పాపం అంటారు. ఆడది మునిగితే అక్కడికెందుకు పోయిందంటారు. ప్రతి సాహసమూ ఇంటికేం తెచ్చిందో చూపించుకోవలసి వస్తే, ఆ శరీరం ఇంకా ఇంటి ఆస్తే అని నాకనిపిస్తుంది. చదువుకీ ఉద్యోగానికీ గడప దాటనిచ్చారు, నిజమే. ఆ గెలుపులన్నీ ‘పనికొస్తుంది’ అన్న వాదన మీదే గెలిచాం. ఏమీ తేని ఆనందం కోసం వాదించడం మనకింకా సిగ్గుగానే ఉంది.

ఈ ఆట చరిత్రలోనూ మనకు తెలిసిన కథే కనిపిస్తుంది. 1964లో పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ పలకకు తెరచాప తగిలించాడు. తెరచాపలు కుట్టింది ఆయన భార్య నౌమి. ఆ పలక మీద తనూ నిలబడింది. తర్వాత పేటెంట్ల మీద కోర్టుల్లో కొట్లాడుకున్నవాళ్ళు మాత్రం మగవాళ్ళు. ఆవిడది ‘సాయం’. (రచయితల భార్యలు సాఫు ప్రతులు రాసిపెట్టినట్టు.) ఒలింపిక్స్‌లో మగవాళ్ళకు 1984లోనే ఈ పోటీ పెట్టారు, ఆడవాళ్ళకు 1992లో.

ఇది డబ్బున్నవాళ్ళ ఆట కదా అంటే కాదనలేను. ‘ఎవరిష్టం వాళ్ళది’ అనేస్తే ఆ అభ్యంతరం తీరదు. పలక ఖరీదు, తీరిక, తీరం, మూడూ చిన్నమ్మకు లేవు. అయితే లేనివాళ్ళకు అవసరం లేదని అక్కణ్ణించి తేల్చేయడం నాకు నచ్చదు. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద ఇళ్ళ పిల్లలకు తెరచాప పడవలు నేర్పుతోంది, వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. సముద్రం లేని తెలంగాణలోనే అది సాధ్యమైంది. చిన్నమ్మకైతే ముందు చేట దించే ఒక సాయంత్రం కావాలి. కూలి రేటు పెంచమని అడిగే చోటే, ఆ సాయంత్రాన్నీ అడగాలి. దాంతో ఏం చేస్తుందో ఎవరికీ చెప్పనక్కర్లేకుండా.