దండు ముందు మ్రోగిన డప్పు

కుంభారి నేతవారి ఇండ్లలో పెండ్లి జరిగిననాడు బ్యాండుమేళము లేనిదే ఊరేగింపు కదలదు. డప్పు వినగానే పిల్లలు గంతులు వేయుదురు; ఎవరికిని హాని లేదు. అదే డప్పు దండు ముందు మ్రోగినచో? ఆ చేయి కత్తి పట్టలేదు, కాని నూరు కత్తులను నడిపినది. హింస కృతము, కారితము, అనుమోదితము అని మూడు తెరగులని శ్రావకులకు తెలిసినదే. వాద్యగాని పద్దు ఎందులో వ్రాయవలెను?

ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరపు బ్రన్స్‌విక్ సాల్వేషన్ ఆర్మీ బ్యాండుకు ఆర్థర్ గల్లిడ్జ్ నాయకుడు. బాణీలు కట్టుటలో పేరు పొందినవాడు. 1940లో అతడును, అతని బృందములోని యువకులు పలువురును కలిసియే సైన్యమున చేరి 2/22వ పటాలపు బ్యాండు అయిరి. అందరును దైవభక్తులు. కవాతులో వాయించుట, పోరు వచ్చినచో వాద్యము దించి గాయపడినవారిని మోయుట వారి పని. 1942 జనవరి 23న రబౌల్‌లో జపాను సేన దిగినప్పుడు స్ట్రెచర్లు మోసిరి. పిమ్మట బందీలైరి. 1942 జూలై 1న వెయ్యిమందికి పైగా బందీలతో పోవుచున్న మోంటెవీడియో మారు ఓడను, లోపల ఎవరున్నదియు తెలియక, మిత్రపక్షమగు అమెరికా జలాంతర్గామియే ముంచివేసినది. గల్లిడ్జ్ అందులోనే పోయెను. యుద్ధము ముగియునాటికి ఆ బ్యాండులో మిగిలినవాడు ఒక్కడే. సముద్రగర్భమున ఆ ఓడ జాడ 2023లో దొరికినది.

స్ట్రెచరు మోసిన పుణ్యము డప్పు పాపమును కొట్టివేయునా? జమలో వంద పడినదని ఖర్చు పద్దును చెరిపివేయు వర్తకుడు లేడు. రెండు పద్దులును నిలిచియే యుండును.

షోలాపూరులో 1910లో పుట్టిన డాక్టరు ద్వారకానాథ్ కోట్నీస్ సంగతి ఇంకను చిక్కు. కాంగ్రెసు 1938లో చైనాకు పంపిన ఐదుగురు వైద్యులలో ఒకడు. 1942 డిసెంబరు 9న, 32వ యేట అక్కడనే కన్నుమూసెను. అతడు కుట్టిన గాయము మానిన సిపాయి మరల తుపాకి పట్టెను గదా అని వాదించువారున్నారు. తెలివిగల వాదమే, న్యాయమైనది మాత్రము కాదు. నెత్తురు కారుచున్నవానిని, మానిన పిమ్మట ఏమి చేసెదవని అడిగి కట్టు కట్టువాడు వైద్యుడు కాడు, వడ్డీవ్యాపారి. ఆ సిపాయి తరువాత చేసినది ఆ సిపాయి పద్దు. డప్పు మాట వేరు. దండును నడిపించుటయే దాని పని.

అట్లైనచో బట్ట మాట యేమి? గాయమునకు కట్టు అయినను, సిపాయికి చొక్కా అయినను నూలు ఒక్కటియే. మిలిటరీ ఆర్డరు వచ్చిననాడు ఎందుకని అడుగు దుకాణదారు అరుదు. బిల్లులో గజములును ధరయును మాత్రమే ఉండును.