గిన్నె అంచు

చెంగిచెర్ల కబేళా సంగతి పట్నమోళ్ళకు తెలుసు. దాని చుట్టూ బతికేటోళ్ళ సంగతి ఎవరికి తెలుసు? మా నాయిన తోళ్ళకు ఉప్పు పట్టించేటోడు. అవ్వ బోటి కడిగి అమ్మేది. మంచి మాంసం పట్నం పోయేది. తలకాయలు, కాళ్ళు, బోటి మా గంపలకొచ్చేవి. ఆ పైసలతోనే నేను చదువుకున్న. ఎంత సబ్బు పెట్టి రుద్దినా అవ్వ చేతుల వాసన పోయేది కాదు.

ఆ చేతులతోనే అవ్వ ప్రభువు బల్ల దగ్గరికి పోయేది. మేం పోయే గుడిలో అందరికీ ఒకటే గిన్నె. ఓ ఆదివారం అవ్వ తాగినంక పక్కనున్నామె గిన్నె అంచును కొంగుతో తుడిచి తాగింది. ఆమె కూడా బాప్తిస్మం తీసుకున్నదే. ఆమె మునిగింది గానీ ఆమె కులం మునగలేదు. అయ్యగారు చూసి కూడా చూడనట్టే ఉన్నడు.

ఇంటికొచ్చి లొల్లి పెట్టిన. "ఇగ ఆ గుడికి పోకవ్వా" అన్న. అవ్వ గంప సదురుకుంట, "ఆ బల్ల ఆమెదా బిడ్డా? పిలిచినాయన వేరే ఉన్నడు" అన్నది.

నేను గుడి మానేసిన. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. పిలిచేటాయన ఒకడు, వాకిట్ల ఆపేటోళ్ళు ఇంకొకరు. అట్లాంటప్పుడు ఆ పిలుపుకు విలువేంది? కృప ఉచితమంటరు. ఉచితంగ తీసుకున్నోడు నోరు మూసుకోవాల్నా?

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో సురోఫెనికయ ఆమె ఒకామె ఉన్నది. బిడ్డను బాగుచెయ్యమని అడిగితే, పిల్లల రొట్టె కుక్కపిల్లలకు వెయ్యటం తగదంటడు యేసు. అట్లాంటి మాట మా చెవులకు కొత్త కాదు. ఆమె తిరిగిపోలేదు. కుక్కపిల్లలు కూడా బల్ల కింద ముక్కలు తింటయి గద అని ఎదురు చెప్పింది. ఆ మాట అన్నందుకే ఆమె బిడ్డ బాగైంది. ప్రసంగాలల్ల ఆమె అణకువను మెచ్చుకుంటరు. నాకు మాత్రం ఆమె దేవునితోటే వాదించినట్టు కనిపిస్తది.

మనోళ్ళు కూడా పిలిచేదాకా కూసోలేదు. తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మతో కలిసి 1866లో బాప్తిస్మం తీసుకున్నడు. అంతకుముందు యోగుల దగ్గర దేవుణ్ణి వెతికినోడాయన. ఒంగోలు మిషనరీ క్లౌ దొరతో, మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాలోళ్ళు అన్నరు. దొర మాదిగలనే ఉంచుకున్నడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని పట్టి కూలి ఇప్పించిండు. తిండి కోసం వస్తున్నరేమోనని బాప్తిస్మాలు ఆపిండు. అయినా జనం వదల్లేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది మునిగిన్రు. బియ్యానికి మారిన్రని ఎత్తిపొడిచేటోళ్ళు ఈ సంగతి చెప్పరు.

అంత తెగువ నాకేదీ? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులనే ఎస్సీలన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన్రు. క్రైస్తవుడైన మాదిగ మన దగ్గర బీసీ-సీ. అందుకే నాయిన బళ్ళె నన్ను హిందువని రాయించిండు. పేతురు కోడి కూసేలోపు మూడుసార్లు బొంకిండు. నేను ప్రతి దరఖాస్తులో బొంకిన. గిన్నె తుడిచినామెకు నేను మాదిగనే. సర్కారు దగ్గర క్రీస్తు పేరెత్తితే మాదిగను కాకుండ పోత. పేతురును క్షమించినాయన నన్నూ క్షమిస్తడు. నన్ను బొంకించినోళ్ళను ఎవరు నిలదియ్యాలె?

2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్ అయిండు. దళితుల్లోంచి ఆ పదవికి పోయిన మొదటి మనిషి. సంతోషమే. ఆ ఒక్క కుర్చీకి ఎన్ని వందల ఏండ్లు పట్టిందో కూడా లెక్క చూసుకోవాలె.

కృపంటే జాలి కాదని ఇప్పుడు నాకు అర్థమైంది. జాలి పడేటోడు మనల్ని బల్ల కిందనే ఉంచుతడు. కృప బల్ల దగ్గర కూసోబెడతది. అక్కడ కూసున్నోనికి అడిగే హక్కుంటది.

అవ్వ ముసలిదైంది. ఇంకా గుడికి పోతనే ఉన్నది. ఈ ఆదివారం నేనూ ఆమెతో పోతున్న. ఎవరన్న కొంగు తీస్తే అవ్వ ఊకుంటది. నేను ఊకోను. "ఏం అంటుకున్నదని తుడుస్తున్నవమ్మా?" అని అందరి ముందట అడుగుత.