కృతజ్ఞతయు కరుణయు

పరుల కష్టము కన్నులయెదుట బడినపుడు మన హృదయమున రెండు భావములు ఒక్కమాఱే పొడసూపుచుండును. "అయ్యో, పాపము!" అనునది మొదటిది. "దైవానుగ్రహమున మనకట్టి దుస్థితి లేదు గదా!" అనునది రెండవది. మొదటిదానిని కరుణ యనియు, రెండవదానిని కృతజ్ఞత యనియు లోకము వాడుచున్నది. ఈ రెండవదానికి ఆ పేరు తగునా యనునదే మేమిచట విచారింపదలచిన విషయము.

ఇందులకు దూరపు దృష్టాంత మక్కఱలేదు. హైదరాబాదునుండి నాగపురమునకు బోవు 44వ జాతీయ రహదారి మెదకు జిల్లాలోని రామాయంపేట మీదుగా సాగుచున్నది. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి కరోనా వ్యాధి కారణమున దేశమంతట రాకపోకలు నిలిచిపోగా, నగరమున పనులుడిగిన వలసకూలీలు పలువురు ఈ త్రోవబట్టి ఉత్తరదేశమునకు కాలినడకను బయలుదేరిరి. నెత్తిన మూట, చంకన బిడ్డ, కాళ్లక్రింద కాగిన తారురోడ్డు. నాగపురమే సుమా రైదువందల కిలోమీటర్ల దూరము. అనేకుల యూళ్లు అంతకును ఆవల నుండెను. త్రోవ పొడవున దయగల గృహస్థులు అన్నపు పొట్లములు, మజ్జిగ, చెప్పులు తెచ్చి యిచ్చిరి. రాష్ట్రప్రభుత్వమువారు వలసకూలీలకు తలకు 12 కిలోల బియ్యమును, 500 రూపాయలను ప్రకటించిరి. ఇదియంతయు శ్లాఘనీయమే. అయినను ఇంటికి మరలి "మనమెంత యదృష్టవంతులము!" అని తృప్తితో నిట్టూర్చినవారును మనలో లేకపోలేదు.

ఈ మాటను గొంచెము పరిశీలింతము. కృతమనగా చేయబడినది, దాని నెఱిగినవాడు కృతజ్ఞుడు. పొరుగువాని పాదములు బొబ్బలెక్కుట చూచి మన పాదరక్షలను తలచి సంతసించుట, ఎవరు చేసిన మేలు నెఱుగుట యగును? అది పోల్చి చూచుకొని పొందిన ఊరట మాత్రమే. ఎదుటివాని దుఃఖము లేనిచో ఆ యూరటయు లేదు. పరుల దుఃఖముపై నిలిచిన సంతృప్తిని కృతజ్ఞత యనుట ఆ మాటకే యపచారము.

మఱి నిజమైన కృతజ్ఞత యెట్టిది? ఆ త్రోవను నడచినవారెవరు? నగరపు మేడలకు ఇటుకలు మోసినవారు, పునాదులు త్రవ్వినవారు. మనము తలుపులు మూసికొని క్షేమముగ గూర్చున్న గోడలను లేపినది అట్టివారి చేతులే. చేయబడిన మేలు మన చుట్టు నిలిచియుండెను. చేసినవారు ఎండలో నడచుచుండిరి. మన కృతజ్ఞత చేరవలసినది వారికే.

పూర్వము మెదకు జిల్లాలోనుండి, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో జేరిన కందియొద్ద ఐ.ఐ.టి. భవనములను గట్టుచున్న కూలీలు అదే యేట ఏప్రిల్ 29వ తేదీన ఆందోళనకు దిగిరి. వారడిగినవి రెండు: రావలసిన కూలి, ఇంటికి బోవు దారి. మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషనునుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో ఒక రైలు కదలెను. దేశమున వలసకూలీలకై నడపిన ప్రత్యేకపు రైళ్లలో నదియే మొదటిది. దయ చూపుడని వారు చేయి చాపలేదు, బాకీ తీర్పుడనిరి. కరుణ పొట్లము నిచ్చి తృప్తిపడును, కృతజ్ఞత "వీనికి రావలసినది ముట్టినదా?" యని అడుగును.

అట్లయిన మనకేమియు చేయని యనాథను, నోరులేని పశువును జూచి జాలిపడరాదా యని కొంద ఱడుగవచ్చును. పడవలసినదే. గోదావరి లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సయితము అన్నము పెట్టిరి. తిన్నవాడు తమకేమి చేసెనని లెక్క చూడలేదు. కరుణకు లెక్క యుండదు, ఉండరాదు. మేము చెప్పునది ఇంతమాత్రమే: ఋణమున్నచోట దాని తీర్పును దానమని పిలువరాదు.

మఱియొక భేదము గలదు. కరుణ తఱచు చూపుతో బుట్టి చూపుతో నణగును. రహదారిపై ఆ నడక నిలిచినది. మన జాలియు చల్లారినది. కృతజ్ఞత యెఱుకయగుటచే కంటికి గనబడనివారిని గూడ మఱవదు. మన యింట అంట్లు తోము స్త్రీకి, గోడకు సున్నము వేయువానికి, వీధి నూడ్చువారికి జీతము వేళకు ముట్టుచున్నదా? జ్వరము వచ్చిన దినపు కూలిని మనము కోయుచున్నామా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరమును గృహస్థులును గృహిణులును తమ యింటి పద్దుపుస్తకముననే చూచుకొనవచ్చును.