సిగిరియా గోడ మీద పేరు

ఈసారి సెలవులకు శ్రీలంక వెళ్లొద్దామని మీ ఇంట్లో అనుకుంటున్నారా? తప్పకుండా వెళ్లండి. అనురాధపురంలో బోధివృక్షం ఉంది. సంఘమిత్త బుద్ధగయ నుండి తెచ్చిన కొమ్మే ఈ చెట్టయిందని అక్కడివారు తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. మనకూ వాళ్లకూ రాకపోకలు కొత్తవి కావు. మన నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేదనీ, అందులో బోధివృక్షానికి బోధిసిరి అనే ఉపాసిక మందిరం కట్టించిందనీ ఇక్ష్వాకుల నాటి శాసనమే చెబుతోంది.

అయితే బయలుదేరే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మనం వెళ్లేది చూడటానికా, చూశామని చెప్పుకోడానికా?

సిగిరియా సంగతే తీసుకోండి. దాదాపు 200 మీటర్ల ఎత్తు బండ మీద 5వ శతాబ్దంలో కశ్యపుడు కోట కట్టాడు. పైకెక్కే దారిలో అద్దంలా నున్నగా మెరిసిన గోడ ఒకటుంది. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లపాటు, చూడవచ్చినవాళ్లు బండ మీది స్త్రీల బొమ్మల గురించి ఆ గోడ మీద పద్యాలు గీకిపోయారు. వారిలో భిక్షువులూ ఉన్నారు! పరణవితాన గారు వాటిలో 685 పద్యాలను చదివి 1956లో అచ్చువేయించారు. అదే గోడ మీద 2015లో ఒక యువతి తన పేరు గీకింది. రెండేళ్ల జైలుశిక్ష వేశారు. తర్వాత క్షమాభిక్ష మీద విడిచిపెట్టారు.

వాళ్లది సాహిత్యమైంది, ఈమెది నేరమైంది. గోడను కాపాడాల్సిందే, కాదనను. కానీ రెండేళ్లు మరీ ఎక్కువనే నాకనిపించింది. ఎందుకంటే ఆ పాతవాళ్లలోనూ చాలామంది తమ పేర్లు చెక్కుకునే పోయారు. "నేనిక్కడికొచ్చాను" అనే ఆరాటం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. దాన్నే ధమ్మం తణ్హ అంటుంది. మనం గోరుతో గీకం గానీ ఫోనుతో గీకుతాం. బుద్ధవిగ్రహానికి వీపు తిప్పి నిలబడి సెల్ఫీ తీసుకుంటే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. ఎందుకు నొచ్చుకుంటారో ఆలోచించారా? ఆ ఫోటోలో చూసేవాడు ఎవడూ లేడు, కనబడేవాడే ఉన్నాడు.

"ఫోటో తీస్తే రాయి అరుగుతుందా?" అని మీరు అడగొచ్చు. అరగదు. కానీ అక్కడున్నవన్నీ రాళ్లు కావు. మిన్నేరియ చెరువు మహాసేనుడు తవ్వించినది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నీరు తగ్గి గడ్డి మొలిచిన చోటికి ఏనుగులు వందల్లో చేరతాయి. వాటి చుట్టూ జీపులూ చేరతాయి. ఇంకాస్త దగ్గరికి పోనిమ్మని డ్రైవరును తొందరపెట్టేది మనమే. పిల్ల ఏనుగును తల్లి కాళ్ల మధ్యకు లాక్కుంటుంటే అదీ వీడియో తీస్తాం.

ఇంకొకటి. దారి పక్కన బుట్ట ముందు కూర్చుని పామునాడించే మనిషి కనబడితే మీరు ఫోను ఎత్తుతారు. ఇంతలో అతను పక్కనున్న పిల్లవాణ్ణి తెలుగులో పిలుస్తాడు. నిజమే, అక్కడి అహికుంటకుల ఇంటిభాష తెలుగే. అప్పుడు మీ చెయ్యి దానంతటదే దిగుతుంది. "అన్నా, మీదే ఊరు?" అంటారు. ఒక్క నిమిషం కిందట అతను ఎవరు మరి? తెలుగు రాకపోతే ఆ చెయ్యి దిగేదా? మన మాట మాట్లాడేవాడి దగ్గరే మెత్త పుడితే అది మెత్తేనా, "నాది" అనే పట్టుదలేనా?

బుట్టలోని పాము కూడా ప్రాణే. డబ్బులిస్తే దానికి హింస, ఇవ్వకపోతే అతని ఇంట్లో పొయ్యి వెలగదు. దీనికి సులువైన జవాబు నా దగ్గర లేదు. బుట్ట మూత తియ్యొద్దని చెప్పి, ఆట చూడకుండానే డబ్బు చేతిలో పెట్టి, కాసేపు పక్కన కూర్చోవచ్చు. పిల్లలేం చదువుతున్నారని అడగొచ్చు. ఫోను ఎలాగూ జేబులోనే ఉంటుంది.