మోయబడినవాడు

మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాయువుగల మనుష్యుని సంగతి మనము అనేకమారులు విన్నాము. నలుగురు అతనిని మోసికొని వచ్చిరి. జనులవలన దారి దొరకక ఇంటికప్పు విప్పి క్రిందికి దింపిరి. రోగి ఒక్కమాటయైన పలికినట్లు అక్కడ వ్రాయబడలేదు.

ఈ నెల మేము మీకు చెప్పగోరునది ఇంగ్లాండు దేశపు రాబ్ బరో అను ఆటగానినిగూర్చి. ఆయన ఆట రగ్బీ లీగ్. మనవారిలో అనేకులు దానిని చూచియుండరు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకనిడుకొని పరుగెత్తవలెను; ఎదుటివారు మన చెడుగుడులోవలె పట్టి పడవేయుదురు. పక్షమునకు పదముగ్గురు, మిక్కిలి బలిష్ఠులు. బరో మాత్రము అయిదడుగుల అయిదంగుళములవాడు! అయినను లీడ్స్ రైనోస్ జట్టుకు 492 ఆటలాడి, ఎనిమిదిమారులు గ్రాండ్ ఫైనల్ గెలిచి, 2017లో విరమించెను.

2019 డిసెంబరులో, 37 ఏండ్ల వయస్సున, ఆయనకు మోటార్ న్యూరాన్ వ్యాధి యని వైద్యులు చెప్పిరి. కండరములను కదలించు నరములు క్రమముగా చచ్చును. చేతులు, కాళ్లు, నాలుక, తుదకు ఊపిరి. స్వస్థపరచు మందు నేటికిని లేదు. బరోకు మాట పోయినప్పుడు, కనుచూపుతో అక్షరముల నేరుకొనగా ఒక యంత్రము ఆయన పూర్వస్వరముతోనే పలికెను. లోపలి మనుష్యుడు చెడక యున్నాడని అందరికి తెలిసెను. మన యిండ్లలో అట్టి యంత్రము లేదు గనుక, మంచముమీదివాడు వినుచుండగానే "ఇంకెన్నాళ్లో" అనుకొందుము.

ఆయన జట్టు నాయకుడు కెవిన్ సిన్‌ఫీల్డ్ స్నేహితుని విడువలేదు. బరో చొక్కామీది అంకె 7 గనుక, 2020 డిసెంబరులో ఏడు దినములలో ఏడు మారథానులు పరుగెత్తి ఈ రోగుల నిమిత్తము ధనము కూర్చెను. మారథాను 42 కిలోమీటర్లు. చీపురుపల్లినుండి విజయనగరము చేరి ఇంకను ముందుకు పోవునంత. 2023 మే నెలలో లీడ్స్ పరుగులో బరోను చక్రాల కుర్చీలో అంతదూరము త్రోసికొనిపోయి, గీత సమీపించగానే చేతులతో ఎత్తుకొని దాటించెను.

కపెర్నహూములో రోగి లేచి నడిచెను. లీడ్స్‌లో రోగి లేవలేదు. 2024 జూన్ 2న, 41 ఏండ్లకు, బరో మరణించెను. మరునాడే ఆయన పేరిట ఆ రోగులకొరకు వైద్యశాల కట్టుట ఆరంభమాయెను.

మన ప్రాంతమున ఒకని దేహము ఇట్లు క్షీణించినయెడల మొదట చిల్లంగి యందురు. క్రైస్తవులమైన మనమును ఒక్కొక్కప్పుడు పాపఫలమనియో, విశ్వాసము చాలదనియో అందుము. ఇది చిల్లంగి మాటకన్న క్రూరమైనదని మా యభిప్రాయము. పుట్టుగ్రుడ్డివానినిగూర్చి శిష్యులు ఈలాగే అడుగగా, వాడైనను వాని కన్నవారైనను పాపము చేయలేదని ప్రభువు చెప్పిన సంగతి యోహాను తొమ్మిదవ అధ్యాయములో నున్నది.

బరో భార్య లిండ్సే ముగ్గురు పిల్లలను పెంచుచు, ఉద్యోగము చేయుచు, భర్తకు పరిచర్య చేసెను. అట్టి యిల్లాండ్రు మన సంఘములలోను కలరు. రాత్రి రోగిని ఒకప్రక్కనుండి ఒకప్రక్కకు త్రిప్పవలెను, గంజి చెంచాతో మెల్లగా పోయవలెను, వారికి నిద్రయుండదు. సంఘపెద్దలారా, మీ గ్రామమున అట్టి యిల్లున్నయెడల ప్రార్థనకు వెళ్లినప్పుడు "ఆమేన్" అనగానే చెప్పులు తొడుగుకొనకుడి. ఆ రాత్రి ఇద్దరు అక్కడనే యుండుడి. ఆ తల్లిని పండుకొననియ్యుడి.